వోల్టేజి రెగ్యులేటర్లను లైనక్స్ కెర్నెల్‌కు వివరించే విధానం

భీమవరం పరిసరాల్లో ఒక రొయ్యల చెరువు గట్టు మీద పెట్టే చిన్న లైనక్స్ బోర్డును ఈ వ్యాసమంతటికీ ఉదాహరణగా తీసుకుంటున్నాను. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీవో అనే దాన్ని, ఈ బోర్డు కొలుస్తుంది. అది తగ్గినప్పుడు రిలే ద్వారా ఏరియేటర్ల స్టార్టర్‌ను ఆన్ చేసి, 4జీ మోడెమ్ ద్వారా రైతు ఫోనుకు కబురు పంపుతుంది. డీవో తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి బోర్డు రాత్రంతా పనిచేస్తూనే ఉండాలి. చెరువుల మీద కరెంటు పోవడం, వోల్టేజి పడిపోవడం మామూలే కాబట్టి అది 12 వోల్టుల బ్యాటరీ మీద నడవాలి.

ఆ 12 వోల్టుల నుంచి ఒక బక్ కన్వర్టర్ 5 వోల్టులు తీస్తుంది. ఆ 5 వోల్టులు ఒక పీఎంఐసీకి, అంటే అనేక రెగ్యులేటర్లను (వోల్టేజిని కావలసిన విలువ దగ్గర నిలిపే సర్క్యూట్లను) ఒకే చిప్‌లో ఇమిడ్చిన పవర్ మేనేజ్‌మెంట్ ఐసీకి చేరతాయి. ప్రాసెసర్ కోర్‌కు సుమారు ఒక వోల్టు, ఈఎంఎంసీ స్టోరేజికి 3.3 వోల్టులు, 1.8 వోల్టులు పీఎంఐసీ నుంచే వస్తాయి. సెన్సర్‌కు 5 వోల్టులు ఒక లోడ్ స్విచ్ గుండా వెళతాయి. మోడెమ్‌కు 3.8 వోల్టులు విడిగా మరో కన్వర్టర్ ఇస్తుంది. ఈ అమరికను లైనక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు అర్థమయ్యేలా ఎలా రాయాలన్నదే మన పని.

ఏ విషయం ఎక్కడ రాయాలి

యూఎస్‌బీ పరికరం తానెవరో తానే చెప్పుకుంటుంది, రెగ్యులేటర్ అలా చెప్పుకోలేదు. చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐ2సీ బస్సు మీద ఉన్న పీఎంఐసీని కెర్నెల్ పలకరించగలిగినా, దాని మూడో అవుట్‌పుట్ ఈఎంఎంసీకి పోయిందో, మరొక భాగానికి పోయిందో, అసలు దేనికీ కలపకుండా వదిలేశారో ఆ చిప్‌కే తెలియదు. 2008లో లైనక్స్ 2.6.27తో కెర్నెల్‌లోకి వచ్చిన రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్‌ను లియమ్ గర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్ ఈ వాస్తవాన్ని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. బోర్డు వర్ణనలో స్పష్టంగా అనుమతించని మార్పును ఆ ఫ్రేమ్‌వర్క్ చేయదు. తప్పు వోల్టేజి ఇస్తే ప్రోగ్రాము ఆగిపోవడంతో సరిపోదు, చిప్ కాలిపోతుంది. అందుచేత ఆ జాగ్రత్తను అతి అనుకోవడానికి వీలులేదు.

పని మొదలుపెట్టే ముందు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి పీఎంఐసీ డేటాషీట్, రెండోది మీ బోర్డు సర్క్యూట్ డయాగ్రమ్. చిప్ ఏమేమి చేయగలదన్నది డేటాషీట్‌లో ఉంటుంది, దాన్ని డ్రైవర్‌లో రాయాలి. ఈ బోర్డు మీద ఆ చిప్ ఏ మేరకు చేయవచ్చన్నది సర్క్యూట్ డయాగ్రమ్‌లో ఉంటుంది, దాన్ని డివైస్ ట్రీలో, అంటే ఒక్కో భాగానికి ఒక్కో నోడ్ చొప్పున బోర్డును కెర్నెల్‌కు వర్ణించే ఫైల్లో, రాయాలి. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లనే రెగ్యులేటర్ల విషయంలో ఎక్కువ చిక్కులు వస్తాయని నా అభిప్రాయం. పీఎంఐసీ కోర్ అవుట్‌పుట్ 1.3875 వోల్టుల దాకా వెళ్ళగలదని డేటాషీట్ చెప్పినంత మాత్రాన ఆ సంఖ్యను డివైస్ ట్రీలోకి ఎక్కించకూడదు. దాని అవతల ఉన్న ప్రాసెసర్ 1.25 వోల్టులకు మించి తట్టుకోలేనిదైతే డివైస్ ట్రీలో ఉండవలసిన గరిష్ఠం 1.25 మాత్రమే.

డ్రైవర్‌లో చిప్ వర్ణన

చాలా పీఎంఐసీలకు కెర్నెల్‌లో డ్రైవర్ ఇప్పటికే ఉంటుంది కాబట్టి ముందు వెతికి చూసుకోవాలి. ఉంటే ఈ భాగాన్ని చదివి అర్థం చేసుకుంటే చాలు. లేకపోతే ప్రతి అవుట్‌పుట్‌కూ 'రెగ్యులేటర్_డెస్క్' అనే స్ట్రక్చర్ ఒకటి నింపాలి. ఈ వ్యాసంలో పేర్లన్నిటినీ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. ఫైల్లో మాత్రం అవే పేర్లను చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ('యూవీ'లోని 'వీ' ఒక్కటే పెద్ద అక్షరం), గీతలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి టైపు చేయాలి.

మన ఉదాహరణలోని కోర్ అవుట్‌పుట్ 0.6 వోల్టుల దగ్గర మొదలై 12.5 మిల్లీవోల్టుల మెట్లలో పెరుగుతుందని, దాన్ని ఎంచుకోవడానికి చిప్ తన సెట్టింగును ఉంచుకునే చిన్న గడి అయిన రిజిస్టర్‌లో దిగువ 6 బిట్లు కేటాయించారని అనుకుందాం. ఫ్రేమ్‌వర్క్ అంతటా వోల్టేజిని మైక్రోవోల్టుల్లోనే రాయాలి. కనుక 'మిన్_యూవీ' విలువ 600000, 'యూవీ_స్టెప్' విలువ 12500, 'ఎన్_వోల్టేజెస్' విలువ 64 అవుతాయి. 'వీసెల్_రెగ్'లో ఆ రిజిస్టర్ చిరునామాను, 'వీసెల్_మాస్క్'లో దిగువ 6 బిట్ల మాస్కును రాయాలి. ఆన్, ఆఫ్ చేసే బిట్ కోసం 'ఎనేబుల్_రెగ్', 'ఎనేబుల్_మాస్క్' ఉన్నాయి. ఇంతవరకు నింపితే మిగతా లెక్కలన్నీ ఫ్రేమ్‌వర్క్‌లోని సిద్ధ ఫంక్షన్లే చూసుకుంటాయి. ఎవరైనా 1.1 వోల్టులు అడిగితే, 1100 నుంచి 600 తీసేసి 12.5తో భాగించి 40 అనే సంఖ్యను అవే రిజిస్టర్‌లో రాస్తాయి. మెట్లు అన్నిచోట్లా సమానంగా లేని చిప్ అయితే వోల్టేజీల పట్టికను గాని, ఒక్కో పరిధికి ఒక్కో మెట్టును చెప్పే 'లీనియర్_రేంజెస్'ను గాని ఇవ్వాలి. సొంతంగా లెక్కలు రాసుకోవలసిన అవసరం అరుదు. రాసుకుంటే కోడ్‌ను సమీక్షించే కెర్నెల్ మెయింటెయినర్లు ఎందుకని అడుగుతారు, అలా అడగడం సబబే.

'ఓఎఫ్_మ్యాచ్' అనే ఫీల్డు చిన్నదే అయినా దాని మీద శ్రద్ధ పెట్టాలి. డివైస్ ట్రీలోని ఏ నోడ్ ఈ అవుట్‌పుట్‌కు చెందుతుందో కెర్నెల్ దాన్ని బట్టే గుర్తిస్తుంది. డ్రైవర్‌లో 'బక్1' అని ఉండి డివైస్ ట్రీలో 'డీసీడీసీ1' అని ఉంటే అవుట్‌పుట్ కెర్నెల్‌లో నమోదవుతుంది గాని దాని మీద మీరు రాసిన హద్దులేవీ అమలుకావు. అప్పుడు వోల్టేజి మార్చమని ఎవరు అడిగినా కెర్నెల్ నిరాకరిస్తుంది.

డివైస్ ట్రీలో బోర్డు వర్ణన

పీఎంఐసీ నోడ్ లోపల 'రెగ్యులేటర్స్' అనే ఉపనోడ్, దాని లోపల ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక్కో నోడ్ ఉండటం సాధారణ పద్ధతి. ఒక్కో నోడ్‌లో ముందుగా 'రెగ్యులేటర్-నేమ్' రాయాలి. ఇక్కడ సర్క్యూట్ డయాగ్రమ్‌లో ఆ తీగకు ఉన్న పేరునే యథాతథంగా వాడమని గట్టిగా సలహా ఇస్తాను. రేపు గట్టు మీద నిలబడి మల్టీమీటర్‌తో వెతికేటప్పుడు కెర్నెల్ లాగ్‌లోని పేరు, కాగితం మీది పేరు ఒకటే అయితే సగం పని తప్పుతుంది.

తరువాత 'రెగ్యులేటర్-మిన్-మైక్రోవోల్ట్', 'రెగ్యులేటర్-మ్యాక్స్-మైక్రోవోల్ట్' రాయాలి. ఈ రెండిటికీ వేర్వేరు విలువలు ఇస్తే, ఆ పరిధిలో వోల్టేజిని మార్చడానికి మీరు అనుమతి ఇచ్చినట్టు. రెండూ సమానమైతే వోల్టేజి స్థిరమని అర్థం, ప్రస్తుతం చిప్‌లో వేరే విలువ ఉంటే కెర్నెల్ దాన్ని బూట్ సమయంలోనే సరిచేస్తుంది. మన కోర్‌కు 950000, 1250000 రాస్తాం, ఈఎంఎంసీ ఐఓకు, అంటే దాని డేటా తీగలకు, రెండు చోట్లా 1800000 రాస్తాం.

ఈ సంఖ్యలు చిప్ మెట్ల మీద కచ్చితంగా పడాలి. పైన చెప్పిన అవుట్‌పుట్‌కే ఎవరైనా రెండు చోట్లా 1210000 రాశారనుకుందాం. 600 నుంచి 1210కి 610 మిల్లీవోల్టుల తేడా, దాన్ని 12.5తో భాగిస్తే 48.8 వస్తుంది. కెర్నెల్ పై మెట్టుకు, అంటే 49కి వెళుతుంది. అక్కడ వోల్టేజి 1.2125, అది గరిష్ఠానికి పైన ఉంది. కింది మెట్టు 1.2 వోల్టులు, అది కనిష్ఠానికి దిగువన ఉంది. హద్దుల మధ్య ఒక్క మెట్టూ లేకపోవడంతో రిజిస్ట్రేషన్ విఫలమవుతుంది, ఆ సప్లై మీద ఆధారపడిన పరికరాలు కూడా పైకి లేవవు. స్థిర వోల్టేజి రాసేటప్పుడు గుండ్రటి సంఖ్యను రాసెయ్యకుండా మెట్టు మీద పడే సంఖ్యను లెక్కగట్టి రాయాలి.

ఆన్, ఆఫ్ విషయంలో రెండు ప్రాపర్టీల మధ్య తేడా తెలిసి ఉండాలి. 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' అంటే ఈ సప్లైని ఎన్నడూ ఆపకూడదని. ప్రాసెసర్ కోర్, డీడీఆర్ మెమరీ సప్లైలకు ఇది తప్పనిసరి. 'రెగ్యులేటర్-బూట్-ఆన్' అంటే బూట్‌లోడర్ దీన్ని ఆన్ చేసి వదిలిందని. అలా వదలకపోతే కెర్నెల్ ఆన్ చేస్తుంది గాని తరువాత ఆపకుండా ఏదీ అడ్డుపడదు. బూట్-ఆన్ రాస్తే సప్లై నిలిచి ఉంటుందనుకోవడం చాలామందిలో ఉన్న అపోహ. ఎవరూ వాడుకోని సప్లైలను బూట్ అయిన దాదాపు 30 సెకండ్ల తరువాత కెర్నెల్ ఆపేస్తుంది, లాగ్‌లో సప్లై పేరు పక్కన 'డిజేబ్లింగ్' అనే ఒక్క మాట మాత్రం వదులుతుంది. బోర్డు చక్కగా లేచి, అర నిమిషానికి మోడెమ్ మాయమైతే ముందుగా చూడవలసినది ఈ మాటనే.

సప్లైల గొలుసు: ఏది దేని నుంచి

రెగ్యులేటర్‌కు కూడా ఇన్‌పుట్ ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రధాన కాలువ గేటు దించి ఉంచితే దిగువన పిల్లకాలువ తూము ఎంత ఎత్తినా చేలోకి నీరు రాదు, సప్లైల సంగతి కూడా అంతే. సెన్సర్ స్విచ్‌కు 5 వోల్టుల కన్వర్టరే మూలమని 'విన్-సప్లై'లో రాస్తే, సెన్సర్ స్విచ్ ఆన్ చేయమన్నప్పుడు కెర్నెల్ ముందు మూలాన్ని ఆన్ చేసి తరువాత స్విచ్ దగ్గరకు వస్తుంది. ఆపేటప్పుడు స్విచ్‌ను ముందు ఆపి, మూలాన్ని వాడుకునేవారు ఇంకెవరూ మిగలకపోతేనే దాన్నీ ఆపుతుంది. పీఎంఐసీ అవుట్‌పుట్‌ల ఇన్‌పుట్‌ల పేర్లు డ్రైవర్ నిర్ణయించినవి కాబట్టి వాటిని ఆ పీఎంఐసీకి డివైస్ ట్రీలో ఏ పేర్లు వాడాలో చెప్పే బైండింగ్ పత్రంలో చూసి వాడాలి. మూలం ఇంకా కెర్నెల్‌లో నమోదు కాకపోతే కెర్నెల్ ఆ పనిని వాయిదా వేసి మళ్ళీ ప్రయత్నిస్తుంది గనుక నోడ్లను ఏ వరుసలో రాశామన్న బెంగ అక్కరలేదు.

జీపీఐఓతో నడిచే స్థిర సప్లై

సెన్సర్‌కు వెళ్ళే లోడ్ స్విచ్‌కు రిజిస్టర్లు ఉండవు, ఒక జీపీఐఓ పిన్, అంటే కెర్నెల్ హై గానో లో గానో పెట్టగల పిన్, మాత్రం ఉంటుంది. ఇలాంటి వాటికి కెర్నెల్‌లో 'రెగ్యులేటర్-ఫిక్స్‌డ్' అనే సిద్ధ డ్రైవర్ ఉంది, కొత్తగా కోడ్ రాయనక్కరలేదు. నోడ్‌లో పేరు, రెండు చోట్లా 5000000, 'జీపీఐఓ' ప్రాపర్టీలో పిన్, 'విన్-సప్లై'లో మూలం రాస్తే సరిపోతుంది. మిన్, మ్యాక్స్ ఇక్కడ వేరుగా ఉంటే డ్రైవర్ ఒప్పుకోదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పిన్ హై అయితే స్విచ్ ఆన్ అయ్యే బోర్డుల్లో 'ఎనేబుల్-యాక్టివ్-హై' అనే ప్రాపర్టీని విడిగా రాయాలి. జీపీఐఓ వరుసలో చివర ఇచ్చే యాక్టివ్ హై, యాక్టివ్ లో ఫ్లాగ్‌ను ఈ డ్రైవర్ విషయంలో కెర్నెల్ లెక్కలోకి తీసుకోదు, ఆ ప్రాపర్టీ ఉందా లేదా అన్నదే చూస్తుంది. అది లేకపోతే పిన్ లోలో ఉంటేనే ఆన్ అని భావిస్తుంది. ఫలితంగా కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్ళుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో సప్లై ఎనేబుల్డ్ అని కనబడుతూనే సెన్సర్ చీకట్లో ఉంటుంది, సప్లైని ఆపమంటే సెన్సర్ లేచి కూర్చుంటుంది. ఈ లక్షణాన్ని ఒకసారి గుర్తుపడితే ఇక ఎక్కడా వెతకనక్కరలేదు.

'స్టార్టప్-డిలే-యూఎస్' లో స్విచ్ ఆన్ అయ్యాక అవుట్‌పుట్ నిలకడకు రావడానికి పట్టే సమయాన్ని మైక్రోసెకండ్లలో రాయాలి. కొన్ని రకాల డీవో ప్రోబులు కరెంటు వచ్చాక నిమిషాల తరబడి వేడెక్కితే గాని సరైన రీడింగ్ ఇవ్వవు. ఆ సమయాన్ని ఇక్కడ కలపకూడదు. అది సప్లై లక్షణం కాదు, ప్రోబు లక్షణం. దాన్ని సెన్సర్ డ్రైవరో, రీడింగ్ తీసుకునే ప్రోగ్రామో చూసుకోవాలి.

మోడెమ్‌ది ఇంకో తీరు. హ్యాంగ్ అయిన మోడెమ్‌ను కరెంటు తీసి తిరిగి ఇచ్చి లేపవలసి వస్తుంది. తీసిన వెంటనే ఇస్తే కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి వల్ల చిప్ పూర్తిగా ఆగదు, సగం ఆగి సగం లేచిన స్థితిలో చిక్కుకుంటుంది. అందుకు 'ఆఫ్-ఆన్-డిలే-యూఎస్' ఉంది. ఆపాక మళ్ళీ ఆన్ చేయడానికి మధ్య ఎంత విరామం ఉండాలో దానిలో చెప్పాలి, ఆ విలువను ఆసిల్లోస్కోపు మీద చూసి నిర్ణయించాలి. సిగ్నల్ బలహీనమై 2జీలోకి జారినప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగే మోడ్యూళ్ళు ఉన్నాయి. ఆ కుదుపుకు 3.8 వోల్టులు పడిపోతుంటే దానికి మందు డివైస్ ట్రీలో లేదు, పెద్ద కెపాసిటర్‌లోనో, మెరుగైన కన్వర్టర్‌లోనో ఉంది.

వాడుకునేవారిని కలపడం

వర్ణన ఎంత బాగున్నా వాడుకునే పరికరాన్ని దానికి కలపకపోతే 30 సెకండ్ల తరువాత మొదటికి వస్తుంది. పరికరం నోడ్‌లో పేరు చివర 'సప్లై' అని వచ్చే ప్రాపర్టీ ద్వారా ఈ లంకె వేయాలి. ఈఎంఎంసీ కంట్రోలర్ నోడ్‌లో 'వీఎంఎంసీ-సప్లై' 3.3 వోల్టులకు, 'వీక్యూఎంఎంసీ-సప్లై' 1.8 వోల్టులకు చూపాలి. ఎస్‌డీ కార్డు అయితే ఐఓ 3.3 దగ్గర మొదలై వేగం పెంచేటప్పుడు 1.8కి మారాలి కాబట్టి ఆ సప్లైకి రెండు హద్దులూ వేరుగా ఉండాలి. ప్రాసెసర్ నోడ్‌లో 'సీపీయూ-సప్లై' కోర్ అవుట్‌పుట్‌కు చూపాలి. ఫ్రీక్వెన్సీ పట్టికలోని వోల్టేజీలన్నీ మనం ఇచ్చిన 0.95, 1.25 మధ్యనే ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూడాలి.

ఫ్రీక్వెన్సీ మారినప్పుడు వోల్టేజి కొత్త విలువకు చేరడానికి సమయం పడుతుంది. 'రెగ్యులేటర్-ర్యాంప్-డిలే' లో మైక్రోసెకండ్‌కు ఎన్ని మైక్రోవోల్టులు మారుతుందో ఇవ్వాలి. 6250 ఇస్తే 0.95 నుంచి 1.25కు వెళ్ళడానికి కెర్నెల్ 48 మైక్రోసెకండ్లు ఆగుతుంది. తొందరపడి పెద్ద సంఖ్య ఇస్తే వోల్టేజి చేరకముందే వేగం పెరిగి, ఎప్పుడో ఒకసారి కారణం తెలియకుండా బోర్డు హ్యాంగ్ అవుతుంది. ఈ తరహా లోపం బల్ల మీద దొరకదు, మధ్యాహ్నం ఎండలో డబ్బా కాగినప్పుడు దొరుకుతుంది.

డ్రైవర్ వైపు సాధారణంగా 'డెవ్ఎమ్_రెగ్యులేటర్_గెట్' వాడాలి. డివైస్ ట్రీలో లంకె దొరకకపోతే కెర్నెల్ ఒక డమ్మీ రెగ్యులేటర్‌ను చేతిలో పెట్టి ఆ సంగతి లాగ్‌లో రాస్తుంది. కరెంటు లేకుండా ఏ చిప్పూ నడవదు గనుక ఎక్కడో ఒక సప్లై ఉండే ఉంటుందన్నది దాని తర్కం. 'ఆప్షనల్' అనే రకాన్ని చిప్‌కు ఆ సప్లై నిజంగా లేకుండానే నడిచే అవకాశం ఉన్నప్పుడే వాడాలి. ఎర్రర్ రాకుండా ఉండటానికి దాన్ని వాడటం తప్పు. ఆన్ చేసినన్ని సార్లే ఆఫ్ చేయాలి, ఎక్కువైతే కెర్నెల్ హెచ్చరిక ఇస్తుంది.

యూఎస్‌బీ మోడెమ్‌కు డివైస్ ట్రీలో నోడ్ ఉండదు గనుక లంకె వేసే చోటు కనబడదు. సులువైన దారి ఆ సప్లైకి ఆల్వేస్-ఆన్ రాయడం, కాని అప్పుడు హ్యాంగ్ అయిన మోడెమ్‌ను ఆపి లేపే వీలు పోతుంది. మన బోర్డుకు నేనైతే 'రెగ్యులేటర్-అవుట్‌పుట్' అనే నోడ్ రాసి, దాని 'వీఅవుట్-సప్లై'ని మోడెమ్ సప్లైకి చూపుతాను. అప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్‌లో 'స్టేట్' అనే ఫైల్ వస్తుంది, మన ప్రోగ్రామే దానిలో ఎనేబుల్డ్ అనో డిజేబుల్డ్ అనో రాసి మోడెమ్‌ను లేపవచ్చు.

సరిచూడటం

ముందు డీటీబీఎస్‌_చెక్ నడపాలి. ప్రాపర్టీ పేర్లలో అక్షరదోషాలను డివైస్ ట్రీ కంపైలర్ పట్టించుకోదు, ఈ తనిఖీ పట్టుకుంటుంది. బూట్ అయ్యాక, డీబగ్గింగ్ కోసం సిస్‌ఎఫ్‌ఎస్ లాంటిదే అయిన డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో రెగ్యులేటర్ డైరెక్టరీలోని 'రెగ్యులేటర్_సమ్మరీ' ఫైల్‌ను తెరవాలి. ఏ సప్లై కింద ఏది ఉందో, ఎవరు వాడుతున్నారో, హద్దులేమిటో అన్నీ చెట్టు రూపంలో అక్కడ కనిపిస్తాయి. మీరు కాగితం మీద గీసుకున్న చెట్టుతో దాన్ని వరుసవారీగా పోల్చాలి.

అక్కడ కనబడే వోల్టేజిని కొలతగా భావించకూడదు. పీఎంఐసీ విషయంలో అది రిజిస్టర్‌లో ఉన్న విలువ. ఫిక్స్‌డ్ సప్లై విషయంలో అది మీరే డివైస్ ట్రీలో రాసిన సంఖ్య, మీకే తిరిగి చూపుతుంది. లోడ్ స్విచ్ ఊడి కింద పడినా అక్కడ 5000000 అనే ఉంటుంది. కాబట్టి మల్టీమీటర్ కొనలను సెన్సర్ కనెక్టర్ దగ్గరే పెట్టి చూడాలి. బూట్‌కు ముందు ఒకసారి, బూట్ కాగానే ఒకసారి, 30 సెకండ్లు దాటాక మరొకసారి చూడాలి.

ఏ సప్లై ఆగిపోవడం వల్ల తంటా వస్తున్నదో తేలకపోతే కెర్నెల్ కమాండ్ లైన్‌లో 'రెగ్యులేటర్_ఇగ్నోర్_అన్‌యూజ్డ్' చేర్చి చూడవచ్చు. దానితో బోర్డు నిలబడితే ఎక్కడో లంకె వేయడం మరిచారన్నమాట. సమ్మరీలో వాడుకదారు లేని వరుసలను వెతికి లంకెలు వేసి, ఆ మాటను కమాండ్ లైన్ నుంచి తీసేసిన తరువాతే డబ్బా మూత బిగించాలి.